మారికుప్పం బండిలో ఇంగ్లీషు క్లాసు

కోలారు బంగారు గనుల ఊరికి వెళ్ళొచ్చానని చెప్పగానే మా గుంటూరు వీధిలో ఆడవాళ్ళంతా ముందు నా మెడ వంక చూశారు, తర్వాత చేతుల వంక చూశారు. తల్లులారా, ఆ గనులు మూతపడి చాలా ఏళ్ళయింది. నేను అక్కణ్ణుంచి తెచ్చుకున్నవి ఓ సంచీడు రాగిపిండి, నడుం నొప్పి, ఇంతవరకూ తీరని నిద్ర. చూపించమంటే రాగిపిండి చూపించగలను.

నేను కాలేజీలో ఇంగ్లీషు చెప్పి రిటైరైన మనిషిని. ఇప్పుడు ఉద్యోగస్తులకు ఒక పెద్ద ఇంగ్లీషు పరీక్ష కోసం తర్ఫీదు ఇస్తుంటాను. చదవడం, రాయడం, వినడం, మాట్లాడటం అని ఆ పరీక్షలో నాలుగు భాగాలు. డాక్టర్లూ నర్సులూ ఇంజినీర్లూ రాస్తారు. సగం జీవితం ఉద్యోగంలో గడిపినవాళ్ళు స్కూలు పిల్లల్లా అరచేతుల్లో చెమటలు తుడుచుకుంటూ కూర్చుంటారు. వాళ్ళను చూసీ చూసీ నాకే ఓపిక అయిపోయింది. ఇక మానేద్దాం అనుకుంటూ ఉండగా, బెంగుళూరులో కోచింగ్ సెంటర్ నడుపుతున్న నా పాత విద్యార్థిని స్వప్న ఫోన్ చేసింది.

"కేజీఎఫ్‌లో, అదే కోలారు గనుల ఊళ్ళో, పదిమంది నర్సులు మేడం. అందరూ బాగా అనుభవం ఉన్నవాళ్ళే. మాట్లాడే భాగం ఒక్కటే సరిచెయ్యాలి. రెండు వారాలు చాలు. క్లాసుకు చోటు కూడా వాళ్ళే చూసుకున్నారు" అంది.

ఆ చోటు ఎక్కడమ్మా అని నేను అడిగి ఉండాల్సింది.

మారికుప్పం

రాబర్ట్‌సన్‌పేటలో లాడ్జి. మంచం కిర్రుమంటుంది, కిటికీ తీస్తే సయనైడ్ దిబ్బ కనిపిస్తుంది. రాయిని పిండి చేసి బంగారం తీసేశాక మిగిలిన బూడిదరంగు మట్టిని ఏళ్ళ తరబడి పోసి పోసి కొండలు చేశారు. గాలి తిరిగితే ఆ పొడి వచ్చి దిండు మీద కూర్చుంటుంది. మొదటి రాత్రి దిండు దులుపుకోవడంతోనే సరిపోయింది. ఇంకా తెల్లవారలేదు, ఎవరో తలుపు తట్టారు.

తీస్తే ఎదురుగా ఒక సన్నటి మనిషి. నలభై దాటి ఉంటాయి. జడ తడిగా ఉంది, భుజాన బ్యాగు, చేతిలో టిఫిన్ డబ్బా.

"నేను సరోజ, మేడం. ఆటో తెచ్చినాను. క్లాసుకు పోదాం రండి."

"కాకులైనా లేవలేదు, ఈ వేళప్పుడు క్లాసేంటమ్మా?"

"బండి పోతాది మేడం."

బండి ఎందుకు పోతుందో, పోతే నాకేమిటో అర్థం కాకుండానే ఆటో ఎక్కాను. మారికుప్పం స్టేషన్లో రైలు నిలబడి ఉంది. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్క సీటు మీద ఒక తుండుగుడ్డ పరిచి ఉంది. సరోజ దాన్ని తీసి దులిపి, "కూర్చోండి మేడం. ఇదే క్లాసు" అంది.

నా ఖర్మ! జీవితంలో ఎన్నో రకాల గదుల్లో పాఠం చెప్పాను, పశువుల ఆసుపత్రి వరండాలో కూడా చెప్పాను. కదిలే గదిలో చెప్పడం మాత్రం ఇదే మొదలు. ఆ ఊరి సంగతి తెలిస్తే వాళ్ళను తప్పు పట్టలేం. గనులు మూసినప్పటి నుంచి సగం ఊరు రోజూ ఈ బండిలో బెంగుళూరు వెళ్ళి పనిచేసి, పొద్దుపోయాక తిరిగి వస్తుంది. నా పదిమందీ అక్కడి ఆసుపత్రుల్లో నర్సులు. వాళ్ళకు ఖాళీ దొరికేది బండిలోనే. ఆ ఖాళీలోనే పూలు కడతారు, చిక్కుడుకాయలు ఒలుస్తారు, పక్కవాళ్ళ భుజం మీద నిద్రపోతారు. ఎవరి భుజం ఎవరిదో కూడా ఏళ్ళ కిందటే ఖాయమైపోయింది. మా ప్రాంతంలో సీటు కోసం కొట్టుకుంటారు. ఇక్కడ తుండుగుడ్డ వేసి ఉంటే దాన్ని దాటి ఎవరూ కూర్చోరు.

వీళ్ళ ఇంగ్లీషు విని నేను ఆశ్చర్యపోయాను. మా గుంటూరు పిల్లలకు వ్యాకరణం కంఠతా వచ్చు, నోరు మాత్రం పెగలదు. వీళ్ళు తెల్లారకముందే తెలుగు, తమిళం, కన్నడం, ఇంగ్లీషు కలిపి పోట్లాడుకుంటారు. ఇంత బాగా మాట్లాడేవాళ్ళకు మాట్లాడే భాగంలో మార్కులు తగ్గడం ఏమిటా అనిపించింది.

సరోజకు తగ్గాయి, అదీ రెండుసార్లు. మిగతా మూడింట్లో మంచి మార్కులే. ఆమె ఆసుపత్రిలో విదేశాల నుంచి వచ్చే రోగుల కోసం కొత్త వార్డు పెట్టారట. దానికి ఇన్‌ఛార్జి కావాలంటే ఈ పరీక్ష నెగ్గాలి. మూడు అవకాశాలే ఇస్తారు. ఇది మూడోది.

"ఇన్‌ఛార్జి అయితే జీతం బాగా పెరుగుతుందా?" అని అడిగాను.

"జీతం కొంచెమే మేడం. ఆసుపత్రి కాంపౌండులోనే క్వార్టర్స్ ఇస్తారు." కిటికీ బయటి చీకటి వైపు చూస్తూ చెప్పింది. "ఇంగ ఈ బండి ఎక్కే పని ఉండదు. నాకు పదవి వద్దు మేడం. తెల్లారినాక లేస్తారు కదా అందరూ, అట్ల లేవల్ల నేను."

నా కళ్ళు మండుతున్నాయి కాబట్టి ఆ కోరిక నాకు బాగానే అర్థమైంది.

బంగారుపేట

పరీక్షలో మాట్లాడే భాగం ఇలా ఉంటుంది. ఒక కార్డు ఇస్తారు. అందులో ఆసుపత్రిలో జరిగే సన్నివేశం ఒకటి రాసి ఉంటుంది. పరీక్ష పెట్టేవాళ్ళు రోగిగానో, రోగి బంధువుగానో నటిస్తారు. నర్సు నర్సుగానే మాట్లాడాలి. కొన్ని నిమిషాల్లో ముగించాలి.

కోరమండల్ స్టేషన్ దాటాక సరోజకు కార్డు ఇచ్చాను. వార్డులో ఒక పెద్దాయన చనిపోయారు. కొడుకు దూరం నుంచి వచ్చాడు, అతనికి సంగతి చెప్పాలి. కొడుకు వేషం నాది. "మా నాన్నగారు ఎలా ఉన్నారు?" అని ఇంగ్లీషులో మొదలుపెట్టాను.

సరోజ చక్కటి ఇంగ్లీషులో నన్ను కూర్చోమంది. మంచినీళ్ళు కావాలా అంది. ఎంత దూరం నుంచి వచ్చారని అడిగింది. తర్వాత, "ఏమన్నా తిన్నారా?" అంది.

"నేను తినడం సంగతి తర్వాత. మా నాన్న ఎలా ఉన్నారు?"

"కింద క్యాంటీన్ ఉంది సార్. ఇడ్లీ వేడిగా ఉంటుంది. ముందు తిని రండి."

"సిస్టర్, నేను మా నాన్నను చూడాలి!"

"చూద్దురు గానీ సార్, ముందు కాస్త తినండి."

నేను కార్డు పక్కన పెట్టేశాను. "ఏంటమ్మా ఇది? అక్కడ ఆయన పోయి పడుంటే నువ్వు ఇడ్లీల గురించి చెబుతావేంటి? పరీక్షల్లో కూడా ఇదే చేశావా?"

"అదే చేసినాను మేడం. రెండు సార్లూ ఇట్లాంటి కార్డే వచ్చింది." తల దించుకుంది.

పక్క సీట్లో ఎస్తేరు అనే నర్సు, "మా ఊళ్ళో అట్లనే చెప్తారు మేడం" అంది. మిగతావాళ్ళు తలలూపారు. మీ ఊళ్ళో ఎలా చెప్పినా పరీక్షకు పనికిరాదని నేను గట్టిగానే అన్నాను. పద్ధతి చెప్పాను. మొదటి వాక్యంలో, బాధ కలిగించే విషయం చెప్పబోతున్నానని సిద్ధం చెయ్యాలి. రెండో వాక్యంలో చనిపోయారన్న మాట ఉండి తీరాలి, డొంకతిరుగుడు పనికిరాదు. ఆ తర్వాత ఓదార్పు. పదిమందీ రాసుకున్నారు. సరోజ రెండుసార్లు ప్రయత్నించింది. రెండో వాక్యం దగ్గరికి వచ్చేసరికి నా మొహం చూసి నోరు మూసేసింది.

ఏర్పాటు ఏమిటంటే, నేను బంగారుపేటలో దిగిపోయి ఎదురు బండిలో వెనక్కి రావాలి. దిగి, ఇడ్లీ తిని, బాగా తెల్లవారాక బజారులో పడ్డాను. ఒక ధాన్యం కొట్లో తెల్లటి బొట్టు పెట్టుకున్న ముసలాయన నన్ను ఎగాదిగా చూసి, "యాడనుంచి వచ్చినారమ్మా?" అన్నాడు.

"గుంటూరు."

"మిరపకాయల ఊరు! ఇంగ మా సాంబారు మీకు నోట్లో పెట్టుకునేదానికి గూడా కాదు."

నిజమే, పొద్దున తిన్న సాంబారులో బెల్లం ఉంది. అయితే ఇడ్లీ ధర మాత్రం మా ఊళ్ళో సగం. ఆయన అడక్కుండానే ఒక స్టూలు వేసి, కాఫీ తెప్పించి, తూకం మీద రాగిపిండి పోస్తూ సంగటి ఎలా కెలకాలో పావుగంట చెప్పాడు. రైలులో క్లాసు సంగతి చెబితే నవ్వాడు. "ఆ బండిలో ఆడోళ్ళ కష్టం చూడలేమమ్మా. నా కోడలు గూడా దాంట్లోనే పోతాది. ఆదివారం గూడా ఆ టైముకే మెలకువ వచ్చేస్తాది దానికి, పాపం" అన్నాడు.

టేకల్

మూడో రోజో నాలుగో రోజో నేను క్లాసు మధ్యలో నిద్రపోయాను. పాఠం చెప్పే మనిషి పాఠంలోనే నిద్రపోవడం ఎంత సిగ్గు! కళ్ళు తెరిచేసరికి నా తల సరోజ భుజం మీద ఉంది, మెడ కింద తుండుగుడ్డ ఉంది, బంగారుపేట వెళ్ళిపోయింది.

"లేపొచ్చు కదమ్మా!"

"అంత బాగా నిద్రపోతా ఉంటే మనసు రాలేదు మేడం."

పదిమంది పెద్ద ఆడవాళ్ళు, ఒక్కరికీ మనసు రాలేదట. టేకల్లో దిగాను. గుండ్రటి బండరాళ్ళ కొండలు, చిన్న స్టేషన్. ఎదురు బండికి చాలా సేపుంది. ప్లాట్‌ఫారం చివర పాలక్యాన్లు పెట్టుకుని కూర్చున్న ఒక రైతు ఇల్లాలు నన్ను చూసి జరిగి చోటిచ్చింది. నేను దిగడం చూసిందట. "నిద్రపోయినారా? మీరొక్కరే కాదు లేమ్మా. వారానికి ఒకరైనా ఇట్ల దిగుతారు" అంది. డబ్బా మూతలో మజ్జిగ పోసి ఇచ్చింది. కొత్తిమీర, అల్లం, ఉప్పు. మా వైపు మజ్జిగలో ఇంత ఉప్పు వెయ్యరు, అయినా ఆ అలసటలో అమృతంలా దిగింది. నేను ఇస్తానన్న చిల్లర తీసుకోలేదు. మజ్జిగ అమ్మితే పాడి నిలవదట.

ఆవని

ఆదివారం సరోజకు సెలవు. దగ్గర్లోని ఆవని అనే ఊళ్ళో ఆమె పిన్ని ఉంది, రమ్మంటే వెళ్ళాను. సీతమ్మ లవకుశులను కన్నది ఆ కొండ మీదేనని అక్కడివాళ్ళ నమ్మకం. యాత్రికులు కొండెక్కుతున్నారు. నా మోకాళ్ళు కింద గుడితోనే సరిపెట్టుకున్నాయి. పాతకాలపు రాతి గుళ్ళు, చల్లటి నేల. అక్కడే పడుకుని ఒక కునుకు తీశాను. దేవుడు ఏమీ అనుకోడు, ఆయన దగ్గరికి అంతా అలిసే వస్తారు.

పిన్ని వాళ్ళది పట్టుపురుగుల ఇల్లు. పెద్ద గది పురుగులకు, చిన్న గది మనుషులకు. పురుగులు ఆకు తినే చప్పుడు సన్నటి వాన పడినట్టు ఉంది. విస్తట్లో రాగిముద్ద పెట్టి, పక్కన ఉలవచారు పోశారు. నేను మర్యాదగా నమిలాను. అంతే, పైన పన్నూ కింద పన్నూ అతుక్కుపోయాయి. పిన్ని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నమలకూడదమ్మా! చారులో ముంచి మింగేది! ఇంగ్లీషు టీచరమ్మకు ముద్ద మింగేది తెలీదే!" అంది. ఆ ఇంట్లో నా హోదా అక్కడితో ఆఖరు.

మధ్యాహ్నం పశువుల పాక దగ్గర సరోజను మళ్ళీ కూర్చోబెట్టాను. పరీక్ష దగ్గర పడింది. నా మొహం చూస్తే ఆ మాట రావడం లేదు కదా, పోనీ ఆ ఆవును చూసి చెప్పు అన్నాను. సరోజ ఆవు ఎదురుగా నిలబడి, కళ్ళలో కళ్ళు పెట్టి, చక్కటి ఇంగ్లీషులో, "మిమ్మల్ని బాధపెట్టే విషయం చెప్పాల్సి వస్తోంది. మీ నాన్నగారు ఈ ఉదయం చనిపోయారు" అంది. ఆవు నెమరు వేస్తూనే ఉంది. ఉచ్చారణ, ఆగిన చోటు, గొంతులో మెత్తదనం, వంక పెట్టడానికి లేదు. పూర్తి మార్కులు.

"ఇప్పుడు నాకు చెప్పు."

నా వైపు తిరిగింది. మొదటి వాక్యం వచ్చింది. తర్వాత నా మొహం చూసి, "మీరు మజ్జిగ తాగినారా మేడం?" అంది.

నాకు ఒళ్ళు మండింది. "నీకు ఆ క్వార్టర్స్ కావాలా వద్దా? ఇది ఆఖరి అవకాశం. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అనడానికి ఇంత రాద్ధాంతమా?" అని కేకలేశాను. పురుగుల గదిలోంచి పిన్ని తొంగిచూసి వెళ్ళిపోయింది. తిరుగు బస్సులో సరోజ కిటికీకి తల ఆనించి, "సాయంత్రం మా ఇంటికి రండి మేడం. అమ్మ పిలిచింది" అంది.

లైను ఇళ్ళు

గని కార్మికులకు కట్టిన ఇళ్ళను లైన్లు అంటారు. ఒకదాన్ని ఒకటి ఆనుకుని వరసగా ఉంటాయి, ఒక ఇంట్లో తాలింపు వేస్తే నాలుగు ఇళ్ళు తుమ్ముతాయి. తలుపు ముందు ఒక మెట్టు, లోపల రెండు చిన్న గదులు. సరోజ తల్లి నాగరత్నమ్మ డెబ్బై దాటిన మనిషి. చురుగ్గా ఉంది. ఒక మూల గోనెసంచిలో గిన్నెలు సర్ది మూతి కట్టి ఉంది.

"క్వార్టర్స్‌కి తీసుకుపోయేవి" అంది, నేను చూడటం చూసి. "సంగటి కెలికే కట్టె మాత్రం చేతిలో పట్టుకొని పోతాను. ఆ పట్నంలో మంచి కట్టె యాడ దొరుకుతాది?"

పరీక్ష కాకముందే మూట కట్టేశారా అని నవ్వుతుంటే, సరోజ లోపలికి వెళ్ళిపోయింది. అప్పుడు నేను తల్లితో ఫిర్యాదులాగా చెప్పాను. మీ అమ్మాయికి అన్నీ వచ్చు, చావు కబురు చెప్పమంటే మాత్రం తిన్నారా తిన్నారా అని అడుగుతుంది, దానికే మార్కులు పోతున్నాయి అని.

నాగరత్నమ్మ విస్తరి తుడుస్తున్న చెయ్యి ఆపింది.

"ముందు అదే కదమ్మా అడగల్ల?" అంది.

తర్వాత ఆమె చెప్పింది, ఆమె మాటల్లోనే రాస్తున్నాను. "అప్పటికి గని గవర్నమెంటు చేతికి వచ్చేసి చానా ఏండ్లయింది. మా ఆయన లోపల పని. పెద్ద ప్రమాదమైతే సైరన్ మోగుతాది, అందురూ గనిలోకి దిగే షాఫ్టు కాడికి పరిగెత్తేది. ఆ పొద్దు సైరన్ మోగలేదు. ఒక మూల రాయి పేలింది, ఈయనొక్కడే ఉండినాడు. మధ్యాన్నం దాటినాక ఆయన జతగాడు మునెప్ప వచ్చినాడు. చేతిలో మా ఆయన అన్నం క్యారియర్. ఆ మెట్టు కాడ నిలబడి, 'తిన్నారా అక్కా?' అన్నాడు."

"మీరు అడగలేదా, ఏమైందని?"

"ఎట్లడిగేదమ్మా? అడిగితే వాడు చెప్పల్ల. చెప్తే ఇంట్లో పొయ్యి ఆర్పల్ల. మళ్ళీ ఎప్పుడు ముట్టిస్తామో, ఎవురు పెడతారో. ఈ పిల్ల అప్పుడే బడినుంచి ఆకలిగా వచ్చింది. సంగటి దించి ఉండాది. కూర్చోబెట్టి పెట్టినాను. మునెప్ప నన్ను గూడా తినమన్నాడు. నేనూ తిన్నాను. వాడు ఆ మెట్టు మీద అటు తిరిగి కూర్చోనుండాడు. మేము చేతులు కడుక్కున్నాక లోపలికి వచ్చి చెప్పినాడు. ఈ లైన్లలో అందురూ అట్లనే చేస్తారు. చెప్పేదానికి పోయినోడు ముందు ఆ ఇంట్లో వాళ్ళ కడుపు చూడల్ల."

సరోజ గుమ్మంలో నిలబడి వింటోంది. ఎప్పుడు వచ్చిందో నేను చూడలేదు.

"నాకు తెలీదు మేడం అప్పుడు. అమ్మను ఇంకో ముద్ద అడిగినాను" అంది.

నాకు ఏడుపు వచ్చింది. దాచుకోలేదు, దాచుకునే ఓపిక కూడా లేదు. ఆవు ముందు నిలబెట్టి నేను వేసిన కేకలన్నీ గుర్తొచ్చాయి. అయినా ఏం చెయ్యను? పరీక్ష పెట్టేవాళ్ళు ఈ మెట్టు దగ్గరికి రారు. "వాళ్ళ దగ్గర ఉండేది కొద్ది నిమిషాలే సరోజా. ఆ మాట చెప్పాలి" అన్నాను. "తెలుసు మేడం. చెప్తాను" అంది.

బెంగుళూరు

సరోజ పరీక్ష రోజున నేను దారిలో ఎక్కడా దిగలేదు. అదే బండి, అదే పెట్టె. అందరూ సరోజకు కిటికీ సీటు వదిలేశారు. ఎస్తేరు తన పూలలోంచి ఒక మూర తెంపి ఆమె జడలో పెట్టింది. ఎవరూ ఇంగ్లీషు మాట్లాడలేదు. బంగారుపేట దాటాక తెల్లవారింది, సరోజ కళ్ళు మూసుకుని పెదాలు కదుపుతూనే ఉంది.

పరీక్ష సెంటరు దగ్గర ఆమె లోపలికి వెళ్ళింది. నేను ఎదురుగా కాలిబాట మీద, ఎళనీరు అమ్మే అతను ఇచ్చిన డబ్బా మీద కూర్చున్నాను. కొబ్బరిబోండాన్ని అక్కడ ఎళనీరు అంటారు. అతను నన్ను చూసి, "పరీక్ష మీ కూతురికా?" అన్నాడు. అవునన్నాను. వివరాలు చెప్పే శక్తి ఎవరికుంది?

సరోజ బయటికి వచ్చింది. మొహం చూస్తే ఏమీ తెలియలేదు.

"ఈసారీ అట్లాంటి కార్డే మేడం. తల్లి చనిపోయింది, కూతురికి చెప్పల్ల. చెప్పేసినాను. మీరు నేర్పినట్టే, రెండో మాటలోనే."

"శభాష్!" అని నేను రోడ్డు మీదే ఆమె చేతులు పట్టుకున్నాను. ఆ చేతులు చల్లగా ఉన్నాయి.

"ఎదురుగ్గా కూర్చున్న ఆమె మొహం అట్ల వాడిపోయింది మేడం. నటనే, నాకు తెలుసు. పొద్దున్నించి ఎంతమంది కాడ ఏడ్చిందో, నిజంగానే అలిసిపోయి ఉండాది. నేను నీళ్ళ గ్లాసు ఆమె పక్కకు జరిపినాను. ఇంగ మాట రాలేదు. టైము అయిపోయేవరకూ ఇద్దరమూ అట్లనే కూర్చోనుంటిమి."

నా ప్రాణం ఉసూరుమంది. మాట్లాడే పరీక్షలో మాట్లాడకుండా కూర్చుంటే ఏమవుతుందో నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. దానికి ముందు ఎంత మాట్లాడింది, ఎంతసేపు ఆగింది అని లెక్కలు అడగబోయి మానేశాను. పక్క వీధి హోటల్లో దోసెలు తిన్నాం. సాంబారు తియ్యగా ఉంది, ఇద్దరం రెండోసారి పోయించుకున్నాం. ఆ సాయంత్రం ఆమె తన బండి ఎక్కింది, నేను నా బండి ఎక్కాను. ఎవరి భుజమూ లేకపోవడంతో నాకు గుంటూరు దాకా నిద్ర పట్టలేదు.

గుంటూరు

ఇంటికి వచ్చాక కొన్ని వారాల పాటు వచ్చినవాళ్ళకల్లా యాత్ర కథ చెప్పాను. మా చెల్లెలికి రాగిముద్ద చేసి పెట్టి, నమలకూడదని పిన్నిలాగే అరిచాను. ఫలితాల సంగతి మాత్రం ఫోన్ చేసి అడగడానికి ధైర్యం చాలలేదు.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ. చెల్లెలు ఊళ్ళో లేదు. నా ఒక్కదానికే కాస్త అన్నం, పప్పు చేసుకుని కంచం కడుగుతున్నాను. ఫోన్ మోగింది. సరోజ. వెనక రైలు చక్రాల చప్పుడు వినిపిస్తోంది, ఇంటికి తిరిగి వెళ్ళే బండి.

"మేడం, బాగుండారా?"

"బాగున్నానమ్మా. ఏమైంది? వచ్చాయా?"

ఆ పెట్టెలో అంతమంది ఆడవాళ్ళు ఉంటారు, ఒక్క గొంతు కూడా వినపడలేదు.

"తిన్నారా మేడం?" అంది.

చేతిలో కంచం అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

"లేదమ్మా. ఇప్పుడే పెట్టుకుంటున్నాను."

"తినండి మేడం. నేను ఫోన్ పెట్టెయ్యను. ఇట్లనే ఉంటాను."

నేను ఏమీ అడగలేదు. అడిగితే ఆమె చెప్పాలి. ఫోన్ పక్కన పెట్టుకుని కింద కూర్చున్నాను. కంచంలో అన్నం పెట్టుకున్నాను. పప్పు కలుపుకున్నాను, నెయ్యి వేసుకున్నాను. ఫోన్లోంచి బండి చప్పుడు వస్తూనే ఉంది, ఎక్కడో ఆగింది, మళ్ళీ కదిలింది. నేను మెతుకు వదలకుండా తిన్నాను. లేచి చెయ్యి కడుక్కుని, కొంగుతో తుడుచుకుని, ఫోన్ చేతిలోకి తీసుకున్నాను.

"తిన్నాను సరోజా. ఇప్పుడు చెప్పు" అన్నాను.